ధ్వని లెక్కల్లో ప్లస్సూ మైనస్సూ ఎక్కడ తప్పుతున్నాయి?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. తరంగాల పాఠంలో ఫార్ములాలన్నీ నోటికి వచ్చు. చేసి ఉన్న లెక్క చూస్తే అర్థమవుతుంది, కొత్తది ఇస్తే చెయ్యి ఆడదు. డాప్లర్ ప్రభావంలో గుర్తులు, మూసిన గొట్టంలో అతిస్వరాలు, మైనం అంటించే విస్పందనాల లెక్క ప్రతి పరీక్షలోనూ తప్పు పోతున్నాయి. ప్రాక్టికల్స్‌లో 512 హెర్ట్జ్ శ్రుతిదండంతో మొదటి అనునాదం (గొట్టంలోని గాలిస్తంభం గట్టిగా మోగే పొడవు) 16 సెం.మీ. దగ్గర, రెండోది 50 సెం.మీ. దగ్గర వచ్చాయి. ధ్వని వేగం 328 మీ./సె. అని రాస్తే లెక్చరర్ గారు దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. ఎక్కడ తప్పానో తెలియడం లేదు. ఈఏపీసెట్ లోపు ఈ పాఠం దారిలో పెట్టుకోవాలంటే ఏం చేయాలి?

సమాధానం: మీ రికార్డుతోనే మొదలుపెడదాం. మీ కొలతల్లో తప్పు లేదు. 16, 50 రెండూ చక్కటి రీడింగులు. తప్పంతా వాటిని వాడిన తీరులో ఉంది. మీరు 16 సెం.మీ.ను నేరుగా పావు తరంగదైర్ఘ్యంగా తీసుకుని, నాలుగుతో హెచ్చించి, తరంగదైర్ఘ్యం 64 సెం.మీ. అనుకున్నారు. 0.64ను 512తో హెచ్చిస్తే 327.68 వస్తుంది. ఆ 328ని చూడగానే మీకే అనుమానం రావాలి. గాలిలో ధ్వని వేగం 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర 331 మీ./సె. ఉంటుంది. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.6 చొప్పున పెరుగుతుంది. 328 రావాలంటే మీ ల్యాబ్‌లో మైనస్ 5 డిగ్రీల చలి ఉండాలి.

అసలు జరిగింది ఇది. గొట్టం అంచు దగ్గరికి వచ్చి గాలి కంపనం టక్కున ఆగిపోదు. అంచుకు కాస్త పైన ఉన్న గాలి కూడా దానితో పాటు ఊగుతుంది. అందుకే ప్రస్పందన స్థానం, అంటే గాలి అన్నిటికంటే ఎక్కువగా ఊగే చోటు, అంచు మీద కాక, కొద్దిగా పైన ఏర్పడుతుంది. ఈ కొద్దిపాటి దూరమే అంత్య సవరణ. కాబట్టి పావు తరంగదైర్ఘ్యం అంటే 16 కాదు, 16కు ఆ సవరణ కలపాలి. ముప్పావు తరంగదైర్ఘ్యం అంటే 50కి అదే సవరణ కలపాలి. ఆ సవరణ ఎంతో మనకు తెలియదు. తెలియకపోయినా ఫర్వాలేదు, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే అది ఎగిరిపోతుంది. 50లోంచి 16 తీసేస్తే 34 సెం.మీ. ఇది సగం తరంగదైర్ఘ్యం. పూర్తి తరంగదైర్ఘ్యం 68 సెం.మీ., వేగం 0.68 × 512 = 348 మీ./సె. ఇది 29 డిగ్రీల దగ్గర ఉండాల్సిన వేగం, అంటే మన ల్యాబ్‌లలో మామూలుగా ఉండే ఉష్ణోగ్రత. ఇక పావు తరంగదైర్ఘ్యం 17 సెం.మీ., మీ రీడింగు 16, కాబట్టి అంత్య సవరణ 1 సెం.మీ. అది గొట్టం లోపలి వ్యాసంలో సుమారు 0.3 వంతు ఉంటుంది గనుక మీ గొట్టం వ్యాసం 3.3 సెం.మీ. దగ్గర ఉండాలి. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి చూడండి. గొట్టం మీటరు పొడవుంటే 84 సెం.మీ. దగ్గర మూడో అనునాదం కూడా వినిపించాలి (85లోంచి 1 తీసేయగా). అది దొరికితే మీ కొలతకు ఇంకో సాక్ష్యం దొరికినట్టే.

రికార్డులో 348.16 అని రాయొద్దు. ఒక్కో రీడింగులో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా 340 మి.మీ. తేడాలో 2 మి.మీ. దోషం ఉన్నట్టు. అంటే వేగంలో దాదాపు 2 మీ./సె. కాబట్టి 348 అని రాసి, దోషం 2 అని పక్కన చూపించండి. అనునాద స్థానాన్ని నీటి మట్టం దించుతూ ఒకసారి, ఎత్తుతూ ఒకసారి పట్టుకుని సగటు తీసుకోవాలి. శ్రుతిదండాన్ని బల్లకేసి కొట్టకూడదు, రబ్బరు దిమ్మ మీదే కొట్టాలి. గట్టి వస్తువుకు కొడితే అతిస్వరాలు కలుస్తాయి, దండం కూడా పాడవుతుంది. భుజాలు గొట్టం మూతి మీద పైకీ కిందికీ ఊగేలా పట్టుకోవాలి, అంచుకు తగలనివ్వకూడదు.

ఇక మీ అసలు ఇబ్బంది. ఫార్ములాలు వచ్చినా చెయ్యి ఆడకపోవడానికి మాకు కనిపిస్తున్న కారణం ఒకటే. ధ్వనిలో రాశులు ప్రధానంగా మూడే: పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం, వేగం. మొదటి రెంటి లబ్ధం మూడోది. ప్రతి లెక్కలోనూ ఈ మూడింటిలో రెండింటిని ఎవరో పట్టుకుని కూర్చుంటారు, మూడోది వాటిని బట్టి వచ్చేస్తుంది. ఎవరు దేన్ని పట్టుకున్నారో ముందు ఒక పంక్తిలో రాసుకోండి. ఫార్ములా ఆ తర్వాతి సంగతి.

వేగాన్ని ఎప్పుడూ యానకమే పట్టుకుంటుంది. గాలి ఎంత వేడిగా ఉందన్నదే లెక్క. గట్టిగా అరిచినా మెల్లగా మాట్లాడినా, కీచుగొంతైనా బొంగురుగొంతైనా ధ్వని వేగం మారదు. ఉష్ణోగ్రత మారకుండా పీడనం ఒక్కటే రెట్టింపైతే సాంద్రత కూడా రెట్టింపవుతుంది, కాబట్టి అప్పుడూ వేగం మారదు. ఇది పరీక్షలో తరచూ వచ్చే ప్రశ్న, తరచూ తప్పే ప్రశ్న కూడా. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలున్న మధ్యాహ్నం ధ్వని దాదాపు 358 మీ./సె. వేగంతో పోతుంది. ఉష్ణోగ్రత బాగా ఎక్కువగా మారే లెక్కల్లో ఈ 0.6 పద్ధతి వదిలి, వేగం కెల్విన్ ఉష్ణోగ్రత వర్గమూలానికి అనులోమానుపాతం అన్న సంబంధం వాడండి. వేగం రెట్టింపు కావాలంటే 273 కెల్విన్‌లను 1092 చేయాలి, అంటే 819 డిగ్రీల సెల్సియస్. దీన్ని 0.6తో వేస్తే 550 డిగ్రీల చిల్లర వస్తుంది, తప్పు.

పౌనఃపున్యాన్ని సాధారణంగా ధ్వని జనకం పట్టుకుంటుంది. 1000 హెర్ట్జ్ ధ్వని గాలిలోంచి నీళ్లలోకి వెళ్తే అక్కడా 1000 హెర్ట్జే. నీటిలో వేగం సుమారు 1500 మీ./సె. కాబట్టి తరంగదైర్ఘ్యం 34 సెం.మీ. నుంచి మీటరున్నరకు సాగుతుంది. తీగ మీద కూడా ఇదే కథ. అర మీటరు తీగ తన ప్రాథమిక స్వరంలో 250 హెర్ట్జ్‌తో మోగుతుంటే తీగ మీద తరంగదైర్ఘ్యం 1 మీటరు, గాలిలో మాత్రం 340/250 = 1.36 మీటర్లు. ఈ రెండు తరంగదైర్ఘ్యాలూ ఒకటే అనుకోవడం వల్ల పోయే మార్కులు చాలా ఎక్కువ.

గొట్టాల దగ్గర పట్టుకునేవాళ్లు మారతారు. మీ ప్రయోగంలో పౌనఃపున్యం శ్రుతిదండానిది, గాలిస్తంభం పొడవును మీరు దానికి తగ్గట్టు జరిపారు. వేణువులో అలా కాదు. అక్కడ గొట్టం పొడవు తరంగదైర్ఘ్యాన్ని పట్టుకుంటుంది, గాలి వేగాన్ని పట్టుకుంటుంది, పౌనఃపున్యమే వాటినుంచి పుడుతుంది. అందుకే గాలి వేడెక్కితే వేణువు శ్రుతి పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు వెళ్తే 343 కాస్తా 349 అవుతుంది, శ్రుతి దాదాపు 1.75 శాతం పైకి పోతుంది.

గొట్టాల లెక్కలకు ఫార్ములా రాయకముందే బొమ్మ గీయండి. మూసిన చివర గాలి కదలలేదు, అక్కడ అస్పందన స్థానం. తెరిచిన చివర గాలి స్వేచ్ఛగా ఊగుతుంది, అక్కడ ప్రస్పందన స్థానం. ఒక అస్పందన స్థానం నుంచి పక్కనున్న ప్రస్పందన స్థానం దాకా పావు తరంగదైర్ఘ్యం. ఇంతే. మూసిన గొట్టంలో పావులు 1, 3, 5 ఇలా బేసి సంఖ్యలోనే ఇమడగలవు. రెండు వైపులా తెరిచిన గొట్టంలో 2, 4, 6 పావులు ఇముడుతాయి. బొమ్మ గీసిన వాళ్లకు ఫార్ములా ఆ బొమ్మలోంచే వస్తుంది. ఒక హెచ్చరిక: ఇదంతా గాలి కణాల స్థానభ్రంశం గురించి. పీడనం సంగతి అడిగితే తిరగబడుతుంది. మూసిన చివర పీడనం ఎక్కువగా మారుతుంది, తెరిచిన చివర మారదు. మైక్రోఫోను పీడనాన్నే గుర్తిస్తుంది కాబట్టి ‘ఎక్కడ పెడితే గట్టిగా వినిపిస్తుంది’ అన్న ప్రశ్నకు జవాబు కణాలు కదలని చోటే.

మీరు తప్పుతున్నది అతిస్వరానికీ అనుస్వరానికీ మధ్య. అనుస్వరం సంఖ్య అంటే ప్రాథమిక పౌనఃపున్యానికి ఎన్ని రెట్లు అన్నది. అతిస్వరం సంఖ్య అంటే ప్రాథమికం పైన నిజంగా వినిపించే వాటిలో ఎన్నోది అన్నది. మూసిన గొట్టంలో రెండో అనుస్వరం లేదు, ప్రాథమికం తర్వాత వచ్చేది మూడో అనుస్వరం. అదే మొదటి అతిస్వరం. తెరిచిన గొట్టంలో మొదటి అతిస్వరం రెండో అనుస్వరం. కాబట్టి ‘మూసిన గొట్టం మొదటి అతిస్వరం, తెరిచిన గొట్టం మొదటి అతిస్వరం సమానం, పొడవుల నిష్పత్తి ఎంత’ అంటే మూసిన దాంట్లో మూడు పావులు, తెరిచిన దాంట్లో నాలుగు పావులు, తరంగదైర్ఘ్యం ఒకటే, నిష్పత్తి 3:4. ఫార్ములా అవసరమే రాలేదు చూడండి. ఈ తేడా చెవికీ తెలుస్తుంది. వేణువును గట్టిగా ఊదితే స్వరం రెట్టింపు పౌనఃపున్యానికి, అంటే పై స్థాయికి ఎగురుతుంది. క్లారినెట్ ఒక చివర మూసిన గొట్టంలా ప్రవర్తిస్తుంది, అది మూడు రెట్లకు ఎగురుతుంది. అతిస్వరాలు ప్రాథమికానికి పూర్ణాంక రెట్లే కావాలన్న నియమం కూడా లేదు. మామూలు డప్పు తోలులో అవి అలా ఉండవు. మృదంగం కుడి ముఖం మీద వేసే నల్లటి మచ్చ వల్ల అవి పూర్ణాంక రెట్లకు దగ్గరగా వస్తాయని సి.వి. రామన్ 1920లోనే చూపించారు.

రెండు వరుస అనునాద పౌనఃపున్యాలు ఇచ్చి గొట్టం ఏ రకం అని అడిగితే ఇలా చేయండి. 476, 612 ఇచ్చారనుకుందాం. తేడా 136. చిన్నదాన్ని తేడాతో భాగించండి: 476/136 = 3.5. పూర్ణాంకం వస్తే తెరిచిన గొట్టం, అర మిగిలితే మూసిన గొట్టం. ఇక్కడ మూసినదే. ప్రాథమికం తేడాలో సగం, 68 హెర్ట్జ్. ఇచ్చినవి ఏడో, తొమ్మిదో అనుస్వరాలు. వేగం 340 అయితే పొడవు 340ని 68కి నాలుగు రెట్లతో భాగిస్తే వచ్చే 1.25 మీటర్లు. ఇంకొకటి: 300 హెర్ట్జ్ ప్రాథమికం ఉన్న తెరిచిన గొట్టాన్ని సగం దాకా నీళ్లలో నిలువుగా ముంచితే పౌనఃపున్యం ఎంత? చాలామంది 150 అనో 600 అనో గుర్తిస్తారు. పొడవు సగమైంది, కానీ కింది చివర మూసుకుపోయింది. ముందు రెండు పావులు పూర్తి పొడవులో ఉండేవి, ఇప్పుడు ఒక పావు సగం పొడవులో ఉంది. తరంగదైర్ఘ్యం మారలేదు, 300 హెర్ట్జే.

తీగల గురించి ఒక్క మాట చాలు. పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమానుపాతం కాబట్టి తన్యత 2 శాతం పెరిగితే పౌనఃపున్యం 1 శాతమే పెరుగుతుంది. 200 హెర్ట్జ్‌తో మోగే రెండు తీగల్లో ఒకదాని తన్యత 2 శాతం పెంచితే సెకనుకు 2 విస్పందనాలు, అంటే రెండూ కలిసి మోగినప్పుడు చప్పుడు సెకనుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది; ఆ సంఖ్య రెండు పౌనఃపున్యాల తేడాయే. సోనోమీటరు (బరువుతో బిగించిన తీగ కంపనాలను పరీక్షించే పరికరం) లెక్కలో పళ్లెంలో వేసిన బరువును గ్రాముల నుంచి కిలోగ్రాములకు మార్చి, 9.8తో హెచ్చించడం మరవకండి.

విస్పందనాల లెక్కకు ఒక అడ్డగీత గీయండి. ఉదాహరణకు తెలిసిన దండం 288 హెర్ట్జ్, తెలియని దండంతో కలిపి మోగిస్తే సెకనుకు 5 విస్పందనాలు. గీత మధ్యలో 288, కుడివైపు 293, ఎడమవైపు 283. తెలియనిది ఈ రెంటిలో ఒకటి. ఇప్పుడు తెలియని దండానికి కొంచెం మైనం అంటించారు, విస్పందనాలు 3కు తగ్గాయి. మైనం బరువు, బరువెక్కిన భుజం నెమ్మదిస్తుంది, పౌనఃపున్యం తగ్గుతుంది. అంటే తెలియని చుక్కను గీత మీద ఎడమకు జరపాలి. 293 ఎడమకు జరిగితే 288కి దగ్గరవుతుంది, విస్పందనాలు తగ్గుతాయి. 283 ఎడమకు జరిగితే దూరమవుతుంది, పెరుగుతాయి. తగ్గాయి కాబట్టి జవాబు 293. ఆకురాయితో భుజం కొసను అరగదీస్తే పౌనఃపున్యం పెరుగుతుంది, చుక్కను కుడికి జరపండి.

ఇక్కడ తప్పు పోయేది మైనం ఏ దండానికి అంటించారో చదవకపోవడం వల్ల. అదే లెక్కలో మైనం 288 దండానికి అంటించి, విస్పందనాలు 3కు తగ్గాయంటే జవాబు 283. రెండో మెలిక: తెలియని దండానికి మైనం అంటించాక కూడా విస్పందనాలు 5 దగ్గరే ఉన్నాయి అంటారు. కంగారు పడొద్దు. 283 ఇంకా తగ్గితే 5 కంటే ఎక్కువ రావాలి, కాబట్టి అది కుదరదు. 293 అయితే 288ని దాటి 283 దాకా దిగి మళ్లీ 5 ఇవ్వగలదు. జవాబు 293.

ఇప్పుడు డాప్లర్ దగ్గర కాస్త ఆగుదాం. అందరూ గుర్తులు బట్టీ పడతారు, అందుకే అందరూ తప్పుతారు. జనకం కదిలితే జరిగేది ఒకటి, పరిశీలకుడు కదిలితే జరిగేది మరొకటి. జనకం మీవైపు వస్తూ మోగితే ఒక్కో శృంగాన్నీ ముందు వదిలిన దానికి కాస్త దగ్గరగా వదులుతుంది. గాలిలో తరంగదైర్ఘ్యమే కుదించుకుపోతుంది. పరిశీలకుడు కదిలితే గాలిలో తరంగదైర్ఘ్యం ఏమీ మారదు, అతను శృంగాలకు ఎదురెళ్లి సెకనుకు ఎక్కువ శృంగాలను అందుకుంటాడు. ఈ రెండూ ఒకటి కావు అనడానికి తేలికైన ఉదాహరణ: పరిశీలకుడు ధ్వని వేగంలో సగంతో ఎదురెళ్తే పౌనఃపున్యం ఒకటిన్నర రెట్లు అవుతుంది. జనకం అదే వేగంతో ఎదురొస్తే రెండు రెట్లు అవుతుంది. అందుకే ఇద్దరి సాపేక్ష వేగం ఒక్కటి తీసుకుని లెక్క చేయకూడదు.

రాసే పద్ధతి ఇది. అసలు పౌనఃపున్యం పక్కన ఒక భిన్నం గీయండి. పైన పరిశీలకుడి చోటు, కింద జనకం చోటు. రెండు చోట్లా ముందు ధ్వని వేగం 340 వేయండి. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా చూడండి: ఈ మనిషి రెండో దానివైపు పోతున్నాడా, దాన్నుంచి దూరం పోతున్నాడా? వైపు పోతే పౌనఃపున్యం పెరగాలి. పై అంకె పెరిగితే భిన్నం పెరుగుతుంది, కింది అంకె తగ్గితే పెరుగుతుంది. గుర్తును ఆ ఆలోచనే నిర్ణయిస్తుంది. వెనక నుంచి 30 మీ./సె.తో సైరన్ మోగిస్తూ పోలీసు జీపు, ముందు అదే దిక్కుకు 20 మీ./సె.తో కారు అనుకోండి. సైరన్ 620 హెర్ట్జ్. కారులో మనిషి జీపు నుంచి దూరం పోతున్నాడు, పైన తగ్గించాలి: 320. జీపు కారు వైపు వస్తోంది, కింద తగ్గించాలి: 310. 620 × 320/310 = 640 హెర్ట్జ్. సాపేక్ష వేగం 10 అని వేస్తే 638.8 వస్తుంది. రెండూ దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆప్షన్లలో ఇది కూడా కనబడితే మోసపోతారు.

రైలు లెక్కలో మొదటి పని కి.మీ./గం. నుంచి మీ./సె.లోకి మార్చడం: 72ను 5/18తో హెచ్చిస్తే 20. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ వ్యక్తి వైపు 640 హెర్ట్జ్ కూతతో రైలు వస్తే 640 × 340/320 = 680. దాటిపోయాక 640 × 340/360 = 604.4. పెరిగింది 40, తగ్గింది 35.6. ఈ రెండూ సమానం కావు, అవ్వాలని చూడొద్దు. రెంటి నిష్పత్తి సరిగ్గా 9:8. సంగీతం వచ్చినవారికి ఇది పరిచయమే, షడ్జానికీ చతుశ్రుతి రిషభానికీ మధ్య దూరం అది. కూత రిషభం నుంచి షడ్జానికి దిగినట్టు వినబడుతుంది. నిష్పత్తి ఇచ్చి రైలు వేగం అడిగితే అసలు పౌనఃపున్యం అక్కర్లేదు. 9లోంచి 8 తీసేస్తే 1, కలిపితే 17, కాబట్టి రైలు వేగం ధ్వని వేగంలో 17వ వంతు.

రైలు దగ్గరయ్యే కొద్దీ పౌనఃపున్యం పెరుగుతూ పోతుందని చాలామంది అనుకుంటారు. సమవేగంతో సూటిగా మనవైపు వస్తున్నంతసేపూ వినపడే పౌనఃపున్యం ఒకటే, పెరిగేది చప్పుడు తీవ్రత మాత్రమే. మనం పట్టాలకు కాస్త పక్కగా నిలబడితే పౌనఃపున్యం నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది తప్ప ఎక్కడా పెరగదు. పక్కనుంచి చూసే లెక్కల్లో రైలు వేగంలో మనవైపున్న భాగాన్నే, అంటే కోణపు కొసైన్‌తో హెచ్చించిన దాన్నే వాడాలి. డాప్లర్ ఈ సూత్రాన్ని ప్రతిపాదించింది 1842లో. మూడేళ్లకు, 1845లో, బైస్ బాలట్ నెదర్లాండ్స్‌లో బూర వాద్యకారులను రైలెక్కించి, నేల మీద శ్రుతిజ్ఞానం ఉన్నవారిని నిలబెట్టి దాన్ని పరీక్షించాడు.

గోడకు తగిలి తిరిగొచ్చే ధ్వనిని రెండు మెట్లుగా చేయండి. 36 కి.మీ./గం., అంటే 10 మీ./సె. వేగంతో బస్సు ఎత్తైన గోడవైపు పోతూ 330 హెర్ట్జ్ హారన్ కొట్టింది. మొదటి మెట్టులో గోడ పరిశీలకుడు, కదలదు: 330 × 340/330 = 340. రెండో మెట్టులో గోడే జనకం, డ్రైవరు దానివైపు పోతున్న పరిశీలకుడు: 340 × 350/340 = 350. డ్రైవరుకు తన హారన్ నేరుగా 330గానే వినిపిస్తుంది, ఎందుకంటే హారన్‌తో పాటే అతనూ కదులుతున్నాడు. తేడా 20. లెక్కలో అది సెకనుకు 20 విస్పందనాలే. చెవి మాత్రం సెకనుకు 10 దాటిన వాటిని విడివిడిగా గుర్తించలేదు.

గాలి వీచే లెక్కల్లో ధ్వని వేగం ఉన్న ప్రతిచోటా, ధ్వని పోయే దిక్కుకు వీస్తే గాలి వేగం కలపండి, ఎదురు వీస్తే తీసేయండి. జనకమూ పరిశీలకుడూ ఇద్దరూ కదలకపోతే పైనా కిందా ఒకే అంకె వచ్చి కొట్టుకుపోతుంది. ఎంత గాలి వీచినా పౌనఃపున్యం మారదు.

డెసిబెళ్లు మీరు అడగలేదు గానీ, అక్కడా మార్కులు పోతాయి. 60 డెసిబెళ్లిచ్చే స్పీకర్లు రెండు పెడితే 120 రాదు, 63 వస్తుంది. తీవ్రత రెట్టింపైతే 3 కలపాలి, పది రెట్లైతే 10 కలపాలి. ఈ రెండూ గుర్తుంటే చాలా లెక్కలు నోటితోనే అయిపోతాయి. ఐదు రెట్లు అంటే పది రెట్లలో సగం, 10లోంచి 3 తీసేస్తే 7. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతు, అంటే 6 తగ్గుతుంది. 10 మీటర్ల దగ్గర 80 డెసిబెళ్లు ఉంటే 40 మీటర్ల దగ్గర 68. గదిలో ఇది పనిచేయదు, గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని కలుస్తుంది.

బావిలో రాయి వేసిన లెక్క కూడా అందరినీ భయపెడుతుంది, వర్గసమీకరణం వస్తుందని. అది లేకుండా చేసే దారి ఉంది. వేసిన 3.2 సెకన్లకు చప్పుడు వినిపించిందనుకోండి. ధ్వని ప్రయాణాన్ని మొదట వదిలేస్తే లోతు 4.9 × 3.2 × 3.2 = 50.2 మీటర్లు. ఆ లోతు నుంచి ధ్వని రావడానికి 0.15 సెకను పడుతుంది. అంటే రాయి పడింది 3.05 సెకన్లు, లోతు 45.6. మళ్లీ ఒకసారి: 45.6ను 340తో భాగిస్తే 0.134, రాయికి 3.066 సెకన్లు, లోతు 46 మీటర్లు. వర్గసమీకరణం కూడా 46నే ఇస్తుంది. ప్రతిధ్వని లెక్కల్లో మాత్రం దూరం రెండింతలని మరవొద్దు, వాహనం కదులుతుంటే తిరుగు దారి చిన్నదవుతుందనీ మరవొద్దు. 20 మీ./సె.తో కొండవైపు పోతూ 360 మీటర్ల దూరంలో హారన్ కొడితే ధ్వని, వాహనం కలిసి 720 మీటర్లు పోవాలి. 720ని 360తో భాగిస్తే 2 సెకన్లు.

రోజుకు పది లెక్కలు చేయండి. ప్రతి లెక్క పక్కనా ‘వేగం ఎవరిది, పౌనఃపున్యం ఎవరిది, తరంగదైర్ఘ్యం ఎవరిది’ అన్న ఆ ఒక్క పంక్తి రాయందే అంకెలు ముట్టుకోవద్దు. తప్పిన లెక్కను మళ్లీ చేయడం కంటే ఎందుకు తప్పిందో ఒక నోట్సులో రాయండి: ప్రమాణాలు మార్చలేదు, మైనం ఎవరికో చూడలేదు, అతిస్వరాన్ని అనుస్వరం అనుకున్నాను, ఇలా. వారానికి మీ తప్పులు నాలుగైదు రకాలకు మించవని మీకే తెలుస్తుంది. జవాబు వచ్చాక సైజు చూసుకోండి. గాలిలో మనకు వినిపించే ధ్వనుల తరంగదైర్ఘ్యం 17 మీటర్ల నుంచి 1.7 సెం.మీ. దాకా ఉంటుంది. 3 మి.మీ. వచ్చిందంటే, లెక్క గబ్బిలం గురించో అతిధ్వనుల గురించో కాకపోతే ఎక్కడో దశాంశం జారినట్టే.

ఇదంతా పట్టుబడిందో లేదో చూసుకోవడానికి ఒక లెక్క. ఒకతను 510 హెర్ట్జ్ శ్రుతిదండం మోగిస్తూ 1 మీ./సె.తో గోడవైపు నడుస్తున్నాడు. ధ్వని వేగం 340. అతని వెనక నిలబడ్డ మిత్రుడికి సెకనుకు ఎన్ని విస్పందనాలు వినిపిస్తాయి? నడుస్తున్న అతనికే ఎన్ని? అతనికీ గోడకూ మధ్య నిలబడ్డ మూడో మనిషికి ఎన్ని? జవాబులు వరుసగా 3, 3, సున్నా. మూడో మనిషివైపు శ్రుతిదండం వస్తోంది, గోడవైపూ అదే వేగంతో వస్తోంది. అతనికి నేరుగా వచ్చేదీ, గోడకు తగిలి వచ్చేదీ రెండూ 511.5 హెర్ట్జే.